రింగు కొనేముందు బోరు చూడండి

నాన్నగారి పాత బుల్లెట్ 350కి ఆరు నెలల కిందటే బోరు చేయించారట. అప్పుడే మళ్లీ నీలిపొగ. ఈసారి క్రోమ్ రింగులు వేద్దామని మెకానిక్, మామూలువి చాలని షాపువాళ్లు, అమ్మేయమని ఇంట్లోవాళ్లు. ఏం చేయమంటారని జల్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు.

బండి అమ్మకండి. రింగులూ అప్పుడే కొనకండి. ముందు కంప్రెషన్ కొలిపించండి. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వులూ వాటి గైడులూ చూపించండి.

ఇక రింగుల సంగతి. పోత ఇనుము రింగు బోరుతో త్వరగా సర్దుకుంటుంది, ధరా తక్కువే. కానీ త్వరగా అరుగుతుంది. క్రోమ్ పూత రింగు గట్టిది, దుమ్ముకు బాగా తట్టుకుంటుంది. కార్లలో వాడే మాలిబ్డినం పూత వేడికి ఇంకా ఓర్చుకుంటుంది. దాని సన్నని రంధ్రాల్లో ఆయిల్ నిలుస్తుంది, దుమ్మూ అక్కడే చేరుతుంది. మీరు రాసినట్టు రోజూ లారీల వెనక మట్టిరోడ్డున తిరిగే బండికి పైరింగు క్రోమ్‌దే మేలు. పాత బుల్లెట్ బోరు పోత ఇనుమే కాబట్టి నప్పుతుంది. బోరుకే క్రోమ్ పూత ఉన్న ఇంజిన్లలో మాత్రం క్రోమ్ రింగు వేయకూడదు. రెండూ ఒరుసుకుని పట్టేస్తాయి.

అయితే ఎంత మంచి రింగైనా చెడిన బోరును బాగుచేయలేదు. బోరు కోలగా అరిగితే పై సైజు పిస్టన్ వేయాల్సిందే. అద్దంలా నున్నగా ఉన్నా తప్పే. హోనింగు చేసిన అడ్డగీతలు కనిపించాలి. అవి లేకపోతే క్రోమ్ రింగు కుదురుకోదు, ఆయిల్ పైకెక్కి మండుతుంది.

బిగించేముందు రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, చివరల మధ్య సందు ఫీలర్ గేజితో మీ ఎదుటే కొలవమనండి. బోరు ప్రతి 25 మి.మీ.కి 0.1 మి.మీ. అన్నది మోటు లెక్క. బుల్లెట్ 70 మి.మీ. బోరుకు దాదాపు 0.28. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. సందు చాలకపోతే వేడికి చివరలు ఢీకొని రింగు విరుగుతుంది.

చివరగా ఎయిర్ ఫిల్టర్. అది చిరిగి ఉంటే ఏ రింగు వేసినా ఆరు నెలలకు మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.