బండి మారింది... పేరు మారలేదు!

హిందూపురం: ముందుకు వంగి కూర్చొని నడిపే ట్రాక్ తరహా మోటారు సైకిల్‌ను ఇచ్చివేసి, గుట్టలూ గతుకులూ ఎక్కే ఆఫ్‌రోడ్ బండిని తెచ్చుకునే ధోరణి సీమ సరిహద్దు పట్టణాల యువతలో కనిపిస్తోంది. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హిందూపురం, దానికి అటూ ఇటూ ఉన్న లేపాక్షి, పెనుకొండ, మడకశిర ప్రాంతాలు ఇటువంటి మార్పిడికి అనువైనవి. కొలువుల కోసం బెంగళూరు వెళ్లినవారు అక్కడ కొన్న బండ్లను ఇక్కడికి తెస్తారు. ఆటో కన్సల్టెన్సీల వద్దనో, మిత్రుల మధ్యనో బేరం కుదురుతుంది. బండికి బండి, పైన కొంత సొమ్ము. అరగంటలో తాళాలు చేతులు మారతాయి.

ఈ మార్పిడి వెనుకనున్న ఆలోచన తప్పు కాదు. మన దారులకు ఏది తగినదో కుర్రకారు గ్రహించిందనే చెప్పాలి. అయితే బండితో పాటు మారవలసినవి మరో రెండున్నాయి. ఒకటి రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరు. రెండోది నడిపేవాడి అలవాటు. ఆ రెండూ పాతచోటనే ఉండిపోవడం ఆందోళన కలిగిస్తున్న అంశం.

ట్రాక్ లేని ఊళ్లో ట్రాక్ బండి

2008లో యమహా ఆర్15 దేశీయ విపణిలోకి వచ్చిన తరువాత రేసు బండి రూపం మధ్యతరగతి ఇంటి గడపకు చేరింది. కిందికి దించిన హ్యాండిల్, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, గాలిని చీల్చే తొడుగు, 17 అంగుళాల చక్రాలు. ఇవన్నీ నున్నని ట్రాక్‌పై మలుపు తిరగడానికి చేసిన ఏర్పాట్లు. ఆ ట్రాక్‌లు ఎక్కడున్నాయి? చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే మరొకటి, 2023 సెప్టెంబరులో మోటోజీపీ పోటీ జరిగిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ వేరొకటి. హిందూపురం నుంచి ఇరుంగాట్టుకోట్టై వెళ్లాలన్నా 300 కిలోమీటర్లకు పైమాటే. ఫలితంగా ట్రాక్ కోసం పుట్టిన బండి వేగ నిరోధకాలకు పొట్ట రాచుకుంటూ, వీపునొప్పిని మిగిల్చే వాహనంగా పరిణమించింది.

ఆఫ్‌రోడ్ బండి చరిత్ర ఇందుకు భిన్నం. 2011లో హీరో సంస్థ ఇంపల్స్ పేరిట 150 సీసీ బండిని విడుదల చేసినప్పుడు ఆదరణ అంతంతమాత్రమే. సీటు ఎత్తు ఎక్కువ, ఇంజను శక్తి తక్కువ అన్నారు. అదే సంస్థ 2019లో తెచ్చిన ఎక్స్‌పల్స్ 200 మాత్రం నిలదొక్కుకుంది. ముందు 21 అంగుళాల చక్రం, నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం, ముందు షాక్ అబ్జార్బర్లకు 190 మిల్లీమీటర్ల కదలిక దాని ప్రత్యేకతలు. ఆర్15లో నేలతో ఎడం 170 మిల్లీమీటర్లే. చూడటానికి 5 సెంటీమీటర్ల తేడాయే గానీ, బండరాయి తగిలేదీ తగలనిదీ తేల్చేది ఆ కొలతే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు గల ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగితే పాత బండి ధర కూడా దిగుతుంది. మార్పిడికి కూర్చున్నవారు ఈ తేదీకి ముందు నాటి ధరలను పట్టుకొని బేరమాడితే నష్టపోయేది తామే.

నిజం చెప్పాలంటే ఆఫ్‌రోడ్ ప్రయాణం సీమ పల్లెలకు కొత్త కాదు. అటూ ఇటూ పాలక్యాన్లు, వెనుక గడ్డిమోపు కట్టుకొని చేనిగట్ల మీద సాగే టీవీఎస్ ఎక్సెల్‌ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదంతే.

ఛాంపియన్లకూ తప్పని పాట్లు

ట్రాక్ మీద ఆరితేరినవాడికి మట్టిదారి ఓ లెక్కా అన్న ధీమా యువకుల్లో ఉంది. ప్రపంచ స్థాయి రైడర్ల అనుభవం వేరుగా ఉంది. ఇటలీకి చెందిన డానిలో పెట్రుచి 2019లో ముజెల్లోలోనూ, 2020లో లెమాన్‌లోనూ మోటోజీపీ రేసులు గెలిచారు. 2021 సీజనుతో ఆ పోటీలకు దూరమై, 2022 జనవరిలో సౌదీ అరేబియాలో జరిగిన డకార్ ర్యాలీకి కేటీఎం బండిపై దిగారు. ప్రారంభానికి ముందే సాధనలో చీలమండ ఎముక విరిగింది. రెండో దశలో బండి మొరాయించి, విజేతల పట్టికలో చోటుకు అవకాశం పోయింది. అయినా తిరిగి బరిలో దిగి అయిదో దశను గెలిచారు. ముందుగా వచ్చిన టోబీ ప్రైస్‌కు పడిన సమయ జరిమానా ఆయనకు కలిసివచ్చింది. మోటోజీపీ రేసును, డకార్ దశను రెండింటినీ గెలిచిన తొలి రైడర్‌గా పెట్రుచి నిలిచారు.

ఆ విజయం దగ్గరే కథను ఆపేసేవారు ఎక్కువ. అదే పెట్రుచి 2024 ఏప్రిల్‌లో మోటోక్రాస్ సాధన చేస్తూ పడిపోయారు. దవడ, కాలర్ ఎముక, భుజం వెనుక ఎముక విరిగాయి. 2017 ఆగస్టులో వాలెంటినో రోసీ ఎండ్యూరో బండిపై సాధన చేస్తూ కుడికాలి ఎముకలు విరగ్గొట్టుకున్నారు. 2021లో మార్క్ మార్కెజ్ మట్టిదారి సాధనలో పడి తలకు దెబ్బ తగిలి, ఒకటి రెండుగా కనిపించే దృష్టిదోషంతో సీజను చివరి రేసులకు దూరమయ్యారు. మన పొరుగున బెంగళూరుకు చెందిన ఐశ్వర్య పిస్సే రోడ్ రేసింగ్‌లోనూ, ర్యాలీల్లోనూ రాణించిన క్రీడాకారిణి. 2018లో స్పెయిన్ ర్యాలీలో పడి క్లోమానికి తీవ్ర గాయమైంది. మరుసటి ఏడాదే ఎఫ్‌ఐఎం బాజా ప్రపంచకప్ మహిళల విభాగంలో విజేత అయ్యారు. మట్టిలో పడితే దెబ్బ తగలదన్న మాట ఎంత నమ్మదగినదో వీరి గాయాలే చెబుతాయి.

రెండు బండ్ల మధ్య తేడా శరీరం తెలుసుకోవలసినది. ట్రాక్‌పై మలుపు వచ్చినప్పుడు రైడర్ బండి కన్నా ఎక్కువగా లోపలికి ఒరుగుతాడు, మోకాలు నేలకు దింపుతాడు. మట్టిలో ఇది తలకిందులవుతుంది. బండిని కిందికి నొక్కి ఒరగనిచ్చి, తాను నిటారుగా ఉంటాడు. గతుకుల్లో కూర్చోడు, ఫుట్‌రెస్టులపై నిలబడతాడు. తారుపై వేగాన్ని ఆపే పనిలో సింహభాగం ముందు బ్రేకుది. వదులు ఇసుకలో, గులకరాళ్లపై అదే బ్రేకును అదే బలంతో నొక్కితే ముందు చక్రం జారి మనిషి నేలపై ఉంటాడు. ఏళ్ల తరబడి కుడిచేతి వేళ్లకు పట్టిన అలవాటు ఒక సాయంత్రం బేరంతో పోదు. తిరుగు ప్రయాణంలో మరో చిక్కు ఉంది. మట్టిని పట్టుకొనే బటన్ టైర్లు తారురోడ్డుపై, అందునా తడిసినప్పుడు, పట్టు తక్కువగా ఇస్తాయి. అదే టైర్లతో 44వ నంబరు జాతీయ రహదారిపై లారీల నడుమ పాత వేగంతో వెళ్లడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే.

నంబరు రాని బండ్లు

డర్ట్ బైక్ అనే ఒక్క మాట కింద రెండు జాతుల బండ్లు చలామణీ అవుతున్నాయి. మొదటిది హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలతో నంబరు పొందే బండి. రెండోది కేవలం పోటీలకు, ప్రైవేటు ప్రాంగణాలకు తయారైన మోటోక్రాస్ యంత్రం. దానికి రిజిస్ట్రేషన్ ఉండదు. పేర్లు కూడా తికమక పెడతాయి. కవాసాకి కేఎల్‌ఎక్స్ 230కు నంబరు వస్తుంది. కేఎల్‌ఎక్స్ 230ఆర్ ఎస్‌కు రాదు. చివరి రెండక్షరాల తేడా తెలియనివాడు నంబరున్న తన ట్రాక్ బండిని ఇచ్చి, రోడ్డెక్కడానికి వీల్లేని యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు.

మోటారు వాహనాల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. 2019 సవరణ అనంతరం కేంద్ర చట్టంలో దీనికి తొలిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. రిజిస్ట్రేషన్ లేనిదానికి మామూలు బీమా కూడా దొరకదు. మైనరు చేతికిస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని 199ఏ సెక్షన్ చెబుతోంది. ఇక ఖర్చు సంగతి. రోడ్డు బండి సర్వీసును కిలోమీటర్లలో లెక్కిస్తే, పోటీ యంత్రానికి గంటల్లో లెక్కిస్తారు. కొన్ని పదుల గంటల వాడకానికే పిస్టను మార్చవలసి రావచ్చు. విదేశీ యంత్రమైతే దిగుమతి సుంకం చెల్లించిన పత్రాలు కూడా చూడాలి.

అసలు చిక్కు పత్రాల్లోనే

రోడ్డు బండినే తెచ్చుకున్నా గండం గడిచినట్లు కాదు. వాడుకలో మార్పిడి ఒక్కటే గానీ, చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు అమ్మకాలు. రెండు బండ్లకూ విడివిడిగా 29, 30 ఫారాలు ఉండాలి. అప్పు ఉంటే 35వ ఫారం, రుణమిచ్చిన సంస్థ అంగీకారం కావాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రంలోనైతే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవారికి 30 రోజుల గడువుంది. బీమా పాలసీపై పేరు మార్పునకు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కర్ణాటక నంబరు బండికి ఎన్‌వోసీ తప్పనిసరి. ఇక్కడ శాశ్వతంగా ఉంచితే ఏడాది దాటకుండా ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకొని జీవితకాల పన్ను కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగులు భాగాన్ని అక్కడే అడిగి తెచ్చుకోవాలి. ఈ పన్ను లెక్క బేరంలో చేర్చకపోతే ‘చవకగా వచ్చింది’ అనుకున్న బండి చివరకు కొత్త దానికి దగ్గరగా తేలుతుంది.

అయితే జరుగుతున్నదేమిటి? ఖాళీ ఫారాలపై సంతకాలు పెట్టి తాళంతో పాటు ఇచ్చేస్తున్నారు. పుచ్చుకున్నవాడు వాటిని సొరుగులో పెట్టి, ఆరు నెలల తరువాత మోజు తీరగానే అవే ఫారాలతో మరొకరికి ఇస్తాడు. రికార్డుల్లో పేరు మాత్రం మొదటి కుర్రవాడిదో, అంతకన్నా తరచుగా అతని తండ్రిదో ఉంటుంది.

సరిగ్గా ఇటువంటి వివాదంలోనే 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. 2007లో ఒకరు అమ్మిన కారు పలు చేతులు మారింది. 2009లో దాని కింద పడి ఒక బాలుడు మరణించాడు. ఎప్పుడో అమ్మేశానన్న తొలి యజమాని వాదన నిలవలేదు. ప్రమాదం నాటికి రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉందో వారే చట్టం ప్రకారం యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని న్యాయస్థానం స్పష్టం చేసింది. బాధితులు చేతులు మారిన వారందరినీ వెతుక్కుంటూ తిరగవలసిన దుస్థితి ఉండరాదన్నది అందులోని తర్కం. బీమా అమల్లో ఉంటే మూడో పక్షానికి పరిహారం బీమా సంస్థ చెల్లిస్తుంది. పాలసీ గడువు ముగిసిందా, ఆ భారం పత్రంలో పేరున్న తండ్రి ఇంటిమీదనే. బండి ముఖం చూసి రెండేళ్లయిందన్న సమాధానం అక్కడ అక్కరకు రాదు.

నదిలో ఇసుకుంది... దారి లేదు

నడపడానికి చోటేదన్న ప్రశ్నకు మట్టి బండి కొన్నవాడూ జవాబు వెతుక్కోవలసిందే. నంది కొండల్లో పుట్టిన పెన్నా ఈ ప్రాంతంలో ఏడాదిలో అధిక భాగం ఎండే ఉంటుంది. ఆ ఇసుకే సాధనస్థలమవుతోంది. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. చెరువు కట్టలపై చక్రాలు తిప్పితే వానాకాలానికి గండి పడేది ఆయకట్టు రైతుకు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. గుట్ట ఖాళీగా కనిపించినంత మాత్రాన అది ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు.

సక్రమంగా నేర్చుకోదలచిన వారికి దగ్గరలో ఉన్న మార్గం కోలారు వైపుది. 2015లో డకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ అక్కడ బిగ్‌రాక్ పేరిట మట్టిదారి శిక్షణ ప్రాంగణాన్ని నెలకొల్పారు. ఆయన సైతం 2021 డకార్‌లో పడి కోమాలోకి వెళ్లి కోలుకున్నవారే. అటువంటి ప్రాంగణం అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఒక్కటి వచ్చినా చెరువు కట్టలపై ఒత్తిడి తగ్గుతుంది. పంటకు పనికిరాని రాతి భూములకు ఇక్కడ కొదవ లేదు. ఇప్పటికే బండి మార్చుకున్నవారు ముందుగా చేయవలసిన పని మాత్రం రూపాయి ఖర్చు లేనిది. ఇచ్చేసిన పాత బండి నంబరును రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల్లో నమోదు చేసి, యజమాని పేరు వరుసలో ఈ రోజున ఎవరున్నారో, బీమా గడువు ఏ తేదీతో ముగుస్తుందో చూసుకోవాలి.