బజర్ దాకా రాని చెయ్యి

తెల్లవారుజాము మూడు గంటలు. నేల మీద పడుకున్న మనిషి లేచి కడుపునొప్పి అంటున్నాడు. ఒంటి మీద గాటు లేదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నాయి. ఏమై ఉంటుంది? టైమ్ పది సెకన్లే!

కట్లపాము అన్నారా? పది పాయింట్లు మీకే. దాని కాటుకు గాటు సరిగా కనిపించదు, పెద్దగా నొప్పీ ఉండదు.

1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీలో గానీ, 2006లో వచ్చిన కడప రిమ్స్‌లో గానీ చదివేవాళ్లకు ఇది ఉత్త క్విజ్ ప్రశ్న కాదు. వేరుశనగ చేలల్లో పనిచేసే జనం వచ్చే ఆసుపత్రులవి.

మరి పోటీలతో నిజంగా చదువు వస్తుందా? వస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు ఓ ప్రయోగం చేశారు. కొందరు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత సీన్ రివర్స్! రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 40 శాతమే. అంటే బుర్రలోంచి బయటకు లాగిన ముక్కే నిలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ నడిపే క్విజ్ కాలేజీ నుంచి జాతీయ స్థాయి దాకా వెళ్తుంది. మంచిదే. కానీ ఏ క్విజ్ అయినా స్టేజీ ఎక్కేది కొందరే. మిగతా బ్యాచ్ చప్పట్లు కొట్టి హాస్టల్‌కి పోతుంది. బుర్రకు పదును పెట్టుకున్నది ఆ కొందరే కదా! రేపు పీహెచ్‌సీలో నైట్ డ్యూటీ మాత్రం చప్పట్లు కొట్టినవాళ్లకూ పడుతుంది. గోల్డ్ మెడలిస్ట్ డ్యూటీలో ఉన్నాడా లేదా అని చూసి పాము కరవదు.

అందుకే రూల్స్ కొంచెం మార్చుకుందాం. బజర్ కంటే ముందు హాల్లో అందరూ జవాబు రాయాలి. టీములు చీటీలు తీసి కలపాలి, టాపర్ పక్కన బ్యాక్‌లాగ్ ఉన్న తమ్ముడు కూర్చోవాలి. జవాబుకు సగం మార్కులు, ఎందుకో చెప్పినందుకు సగం.

ఒక రౌండ్ చేత్తో చేసేది పెట్టండి. రక్తపింజర కాటు అనుమానముంటే శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తే రక్తం ఇంకా గడ్డకట్టలేదంటే విషం ఎక్కినట్టే. ఈ రౌండ్‌లో తొందరపడి గొట్టం ఊపినవాడు అవుట్. ఓపిక పట్టినవాడే విన్నర్.

కప్పు కాలేజీ అద్దాల బీరువాలో ఉంటుంది. ఆ 20 నిమిషాల ఓపిక మాత్రం బ్యాచ్‌లో ప్రతి ఒక్కరి చేతిలో ఉండాలి. ఈ ఆదివారం హాస్టల్ రూమ్‌లోనే మొదలుపెట్టండి. బజర్ లేకపోయినా ఏం పర్లేదు, తలా ఒక తెల్లకాగితం చాలు.