అతిథి గదిలో యంత్రపు కన్ను

సూరె నూర్ 27వ ఆయతు పరుల ఇళ్లలోకి అనుమతి కోరకుండా, సలాం చేయకుండా ప్రవేశించరాదని ఆదేశిస్తుంది. 29వ ఆయతు ఎవరి నివాసమూ కాని, నలుగురికీ ఉపయోగపడే కట్టడాలకు మినహాయింపునిస్తుంది. బాటసారుల సత్రాలు ఈ మినహాయింపు కిందికి వస్తాయని పూర్వ వ్యాఖ్యాతలు వివరించారు. అయితే సత్రంలోని ఒక గదిలో ఒక కుటుంబం దిగి తలుపు వేసుకున్నదంటే, ఆ రాత్రికి అది వారి ఇల్లే. అక్కడ అనుమతి నియమం మళ్లీ అమలులోకి వస్తుంది. నేటి హోటళ్లలో మనుషులకు బదులు రోబోలు సేవ చేస్తున్న వేళ ఈ నియమాన్ని మరోసారి గుర్తు చేసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

యంత్రం స్వతహాగా చెడ్డది కాదు. మస్జిదె హరాంలోనే 2021లో జమ్ జమ్ నీటి సీసాలు పంచే రోబోలను ప్రవేశపెట్టారు. అమెరికాలోని కుపర్టినో పట్టణంలో అలాఫ్ట్ హోటల్ 2014లో ఒక చిన్న రోబోను పనిలో పెట్టింది. అది అతిథి కోరిన వస్తువును మోసుకొని లిఫ్టు ఎక్కి, గది ముందు ఆగి, లోపలికి ఫోను చేయిస్తుంది. అతిథి తలుపు తీసి వస్తువు అందుకుంటే తిరిగి వెళ్లిపోతుంది. గడప దాటని సేవకునితో ఎవరికి పేచీ?

చిక్కు గడప లోపల మొదలవుతుంది. జపాన్‌లోని నాగసాకి ప్రాంతంలో 2015లో ‘హెన్ నా హోటల్’ రోబోలే సిబ్బందిగా ప్రారంభమయింది. అక్కడ మంచం పక్కన ఉంచిన బొమ్మ రోబో అతిథి గురకను తనకిచ్చిన ఆజ్ఞగా పొరబడి, నిద్ర లేపి, మళ్లీ చెప్పమని అడిగేదన్న వార్త 2019లో లోకమంతా నవ్వుతూ చదివింది. నవ్వుకోదగిన సంగతే. కానీ గురక వినగలిగిన చెవి భార్యాభర్తల మాటలను వినకుండా ఉంటుందా?

అదే ఏడాది అక్టోబరులో నవ్వలేని వార్త వచ్చింది. అదే సంస్థకు టోక్యో సమీపాన ఉన్న హోటల్‌లో, మంచం పక్కన పెట్టిన ‘తాపియా’ అనే గుడ్డు ఆకారపు రోబోలో ఒక లోపం బయటపడింది. ఒకసారి ఆ గదిలో దిగినవాడు రోబోలో తనకు కావలసిన మార్పు చేసి వెళ్తే, తర్వాత దిగే అతిథులను దాని కెమెరా ద్వారా దూరం నుండి చూడవచ్చు, మాటలు వినవచ్చు. యాజమాన్యం క్షమాపణ చెప్పుకొంది. ఫలానావారు చూశారని నిందించడం మా ఉద్దేశం కాదు. చూడగల అవకాశం ఉండటమే ఆలోచించవలసిన విషయం.

యంత్రానికి సిగ్గేమిటి, దాని ముందు పరదా ఏమిటని కొందరు అంటారు. దీనికి జవాబు హదీసులో ఉంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గారి గృహంలోకి రంధ్రం గుండా తొంగి చూశాడు. ఆయన (స) తీవ్రంగా ఆగ్రహించి, అనుమతి కోరే నియమం ఏర్పడిందే చూపు కారణంగానని స్పష్టం చేశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ మనిషి లోపల అడుగు పెట్టలేదు. చూపు మాత్రమే పెట్టాడు. ధర్మం దానినే ప్రవేశంగా లెక్కించింది. కెమెరా కూడా గోడలో రంధ్రం వంటిదే. రంధ్రానికి సిగ్గు లేదు, నిజమే. దాని అవతల కన్ను పెట్టినవాడు మనిషి.

సూరె నూర్ 58వ ఆయతు మరింత సూక్ష్మమైనది. ఇంట్లో తిరుగాడే సేవకులు, యుక్తవయస్సుకు రాని పిల్లలు సైతం మూడు వేళల్లో అనుమతి తీసుకొనే లోపలికి రావాలి: ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించుకొనే వేళ, ఇషా నమాజు తర్వాత. నమ్మకమైన సేవకునికే ఈ హద్దు ఉన్నప్పుడు, రేయింబవళ్లు మేలుకొని ఉండే యంత్ర సేవకునికి హద్దు లేకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి ఉమ్రాకో, పెళ్లికో, వైద్యానికో వెళ్లి హోటల్‌లో దిగే కుటుంబాలకు మా సూచనలు ఇవి. గది తీసుకొనేటప్పుడే, లోపల కెమెరా గాని మైకు గాని ఉన్న యంత్రం ఉందా అని అడగండి. ఉంటే తీసివేయమని మర్యాదగా కోరండి. వీలుకాకపోతే దాని ప్లగ్గు పీకండి. బ్యాటరీతో నడిచేదైతే పూర్తిగా ఆపించండి. గుడ్డ కప్పితే కన్ను మూతపడుతుంది గాని చెవి మూతపడదని గుర్తుంచుకోండి. దైవప్రవక్త (స) ఎవరి ఇంటికి వెళ్లినా తలుపుకు ఎదురుగా కాక, ఒక పక్కకు నిలిచేవారు. రోబోకు ఆ మర్యాద తెలియదు. తలుపు తీయగానే దాని చూపు నేరుగా లోపలికే. కనుక స్త్రీలు పక్కకు తప్పుకున్న తర్వాతే తలుపు తీయాలి.

ఇలా అడగడం అనుమానించడం కాదా? సూరె హుజురాత్ 12వ ఆయతు అనుమానాన్నీ, గూఢచర్యాన్నీ కలిపే నిషేధించింది. హోటల్ వారిని దొంగలుగా భావించడం తప్పే. ఉన్న యంత్రం గురించి అడిగి తెలుసుకోవడం మాత్రం జాగ్రత్త. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది.

ఇక ఆతిథ్యమిచ్చే వారికి ఒక మాట. లాడ్జీలు, హోటళ్లు నడిపే సోదరులు మనలో ఎందరో ఉన్నారు. అతిథి గది వారి చేతిలో అమానతు. వాకిట్లో, వరండాలో కెమెరా ఉంటే బోర్డు పెట్టాలి. గదిలో ఉండనే కూడదు. ఈ బాధ్యత వ్యాపారులతోనే ఆగదు. దొంగల భయంతో నేడు మన హాల్లోనూ కెమెరా బిగించుకుంటున్నాము. మన ఇంటికి వచ్చిన చెల్లెమ్మ, ఇక్కడ పరాయి చూపు లేదనుకొని బురఖా తీసి కూర్చుంటుంది. ఆ దృశ్యం ఎక్కడో ఊళ్లో ఉన్న ఇంటి కుర్రవాడి ఫోనులో కనిపిస్తుంటుంది. ఆమెకు ముందే చెప్పడం, లేదా ఆమె ఉన్నంతసేపు దానిని ఆపివేయడం అతిథి మర్యాదలో భాగం. అన్నపానాల కంటే ముందు ఇవ్వవలసిన ఆతిథ్యం అదే.

అల్లాహ్ మన ఇళ్లకు వచ్చే అతిథుల గౌరవాన్ని కాపాడే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.