విశాల ప్రాంగణంలో చిన్న గది

సంగీతం గురుముఖంగా అభ్యసించవలసిన విద్య. గ్రంథం రాగలక్షణాన్ని చెప్పగలదు, స్వరస్థానాన్ని సూచించగలదు. కాని ఆ స్వరం ఎక్కడ నిలవాలో, ఎక్కడ కదలాలో, ఎక్కడ మౌనానికి తావివ్వాలో చూపవలసినవాడు గురువే. శిష్యుడు పాడగా గురువు వినాలి. గురువు పాడగా శిష్యుడు వినాలి. ఈ విద్యాదానం ఇద్దరి నడుమనే జరుగుతుంది. మరి వందలాది విద్యార్థులు, పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, పట్టాలు గల విశ్వవిద్యాలయంలో ఇటువంటి విద్య నిలుస్తుందా? నిలవాలంటే ఆ సంస్థ దేనిని కాపాడుకోవాలి? సంగీతాన్ని ఉన్నతవిద్యగా ఎంచుకోదలచిన విద్యార్థులే కాక, ఆ విద్యకు ధనం వెచ్చించే ప్రభుత్వాలు కూడ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

పూర్వకాలంలో ఈ ప్రశ్నకు అవకాశం లేదు. గురువు ఇల్లే పాఠశాల. త్యాగరాజస్వామి శొంఠి వేంకటరమణయ్య వద్ద సంగీతం అభ్యసించారు. త్యాగరాజస్వామి వద్ద నేర్చిన వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, మానాంబుచావడి వేంకటసుబ్బయ్య మొదలైనవారు ఆయన కృతులను తరువాతి తరాలకు అందించారు. ఐరోపాలో రాజాస్థానాలు, చర్చిలు చాలాకాలం సంగీతానికి ఆశ్రయాలుగా ఉండేవి. తరువాత సంగీతానికే ప్రత్యేకించిన విద్యాలయాలు వెలిశాయి. 1795లో పారిస్‌లోను, 1843లో లైప్‌జిగ్‌లోను స్థాపించినవి వాటిలో ప్రసిద్ధమైనవి. అమెరికాలో అటువంటి ప్రత్యేక విద్యాలయాలతోపాటు మరొక మార్గం కూడ ఏర్పడింది. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు న్యాయశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్రల సరసన సంగీతానికీ పీట వేశాయి.

ఈ రెండవ మార్గానికి చక్కని ఉదాహరణ ఇండియానా విశ్వవిద్యాలయం. సున్నపురాతి గనులకు పేరుపొందిన ప్రాంతంలో, బ్లూమింగ్టన్ అనే పట్టణంలో 1820లో ఈ విద్యాసంస్థ ఆవిర్భవించింది. 1910లో సంగీతశాఖ ఏర్పడింది. 1921లో అది ప్రత్యేక సంగీత విద్యాలయమైంది. 1947 నుంచి 1973 వరకు విల్‌ఫ్రెడ్ బెయిన్ దానికి అధిపతిగా ఉండి విశేషంగా విస్తరింపజేశారు. 1972లో ఆపెరా ప్రదర్శనలకు అనువైన పెద్ద రంగశాలను ప్రారంభించారు. 2005లో దాతల కుటుంబనామంతో అది జేకబ్స్ సంగీత విద్యాలయంగా మారింది. నేడు అక్కడ సుమారు 1,600 మంది విద్యార్థులు అభ్యసిస్తున్నారు. ఏటా వెయ్యికి పైగా సంగీత ప్రదర్శనలు జరుగుతున్నాయి. న్యూయార్క్, షికాగో వంటి మహానగరం కాని ఒక పట్టణంలో ఇన్ని ప్రదర్శనలు జరగడం విశేషం.

ఇంత పెద్ద విద్యాలయం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. పాశ్చాత్య సంగీతం సంగతిలో అవసరమే. సింఫనీ ఆర్కెస్ట్రాకు ఎనభై నుంచి వంద మంది వరకు వాద్యకారులు కావాలి. వయొలిన్, చెల్లో వాయించేవారు ఎందరున్నా, బాసూన్, ఓబో వంటి గాలివాద్యాలకు తగినవారు లేకపోతే ఆ బృందం పూర్తికాదు. ఆపెరా ప్రదర్శనకు గాయకులు, వాద్యకారులు, నిర్వాహకుడు, రంగాలంకరణ చేసేవారు, దీపాల ఏర్పాట్లు చూసేవారు ఉండాలి. కొత్తగా స్వరరచన చేసిన విద్యార్థి తన రచనను కాగితం మీద చూసుకొని సంతృప్తి పడితే చాలదు. దానిని వాయించేవారు ఉండాలి. తన రచనలో ఏది పలికింది, ఏది పలకలేదు అన్నది అప్పుడే అతనికి తెలుస్తుంది. ఈ సౌకర్యాలన్నీ ఒక గురువు ఇంట సమకూడేవి కావు. కనుక విస్తీర్ణం అక్కడ ఆడంబరం కాదు, అవసరం.

అయితే ఆ విద్యాలయానికి కీర్తి తెచ్చినది రంగశాల ఒక్కటే కాదు. అంతకంటె ముఖ్యమైనది ఆ భవనాలలోని చిన్న గది. వారానికొకసారి, సాధారణంగా ఒక గంటసేపు, ఒక గురువు ఒక శిష్యుడికి పాఠం చెప్పే గది అది. ఆ గదికి ఎంతటి విలువ ఇచ్చిన విద్వాంసులు అక్కడ పనిచేశారో గమనించాలి. చెల్లో విద్వాంసుడు యానోష్ స్టార్కర్ షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లో వాద్యకారుని స్థానాన్ని విడిచి, 1958లో బ్లూమింగ్టన్ చేరారు. జోసెఫ్ గింగోల్డ్ క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో ప్రథమ వయొలిన్ విద్వాంసుని స్థానాన్ని వదలి, 1960లో అక్కడికి వచ్చారు. ఆ స్థానాల కోసం ఎందరో వాద్యకారులు జీవితమంతా ఎదురుచూస్తారు. వాటిని వదలుకొని వీరు కచేరీ వేదికతోపాటు పాఠపు గదినీ తమ కార్యక్షేత్రంగా చేసుకొన్నారు. పియానో విద్వాంసుడు మెనాహెమ్ ప్రెస్లర్ 1955లో అధ్యాపకుడిగా చేరి, దాదాపు ఏడు దశాబ్దాల పాటు ఆ విద్యాలయంతో అనుబంధం కొనసాగించి, 2023లో తన తొంభైతొమ్మిదవ ఏట కన్నుమూశారు. నేడు లోకప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ బ్లూమింగ్టన్‌లోనే పుట్టి, బాల్యంలోనే గింగోల్డ్‌కు శిష్యుడయ్యారు. గొప్ప విద్యాలయం అనే మాటకు అసలు అర్థం ఇటువంటి గురుశిష్య సంబంధంలో ఉంది.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. చరిత్ర అధ్యాపకుడు ఒకే గంటలో నూరుమందికి పాఠం చెప్పగలడు. వయొలిన్ గురువు ఆ గంటలో ఒక్కరికే చెప్పగలడు. లెక్కలు చూసేవారికి ఇది దుబారాగా కనిపించవచ్చు. అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్తలు విలియం బౌమల్, విలియం బోవెన్ 1966లో ప్రకటించిన గ్రంథంలో ఈ చిక్కును వివరించారు. కర్మాగారంలో యంత్రం వచ్చినకొద్దీ ఒక వస్తువు తయారీకి పట్టే కాలం తగ్గుతుంది. కాని నలుగురు కలిసి వాయించవలసిన రచనకు నేటికీ నలుగురే కావాలి. దానికి పట్టే కాలమూ తగ్గదు. ఇతర రంగాలలో జీతాలు పెరిగితే ఇక్కడా పెంచవలసిందే. కాబట్టి కళల ఖర్చు నానాటికీ పెరుగుతూనే ఉంటుంది. సంగీతపాఠానికి కూడ ఈ మాట వర్తిస్తుంది.

ఖర్చు పెరిగినప్పుడు పొదుపు మార్గాలు వెదకడం సహజం. ఒక్కరికి చెప్పే పాఠాన్ని పదిమందికి కలిపి చెబితే ఏమి నష్టం అనే ఆలోచన అప్పుడే పుడుతుంది. నష్టం ఉంది. వయొలిన్ కమాను పట్టే చేతిలో మణికట్టు బిగుసుకొంటే నాదం కరకుగా వస్తుంది. గాయకుడు భుజాలెగురవేసి ఊపిరి తీస్తే పంక్తి మధ్యలోనే దమ్ము చాలదు. ఒకరికి శ్రుతి నిలవదు. మరొకరికి శ్రుతి నిలిచినా కాలప్రమాణం జారుతుంది. పదిమంది ఒకేసారి పాడుతున్నప్పుడు ఎవరి దోషం ఎవరిదో గురువు చెవికి కూడ వేరుగా అందదు. దిద్దని దోషం అలవాటుగా మారుతుంది. ఆ అలవాటును తరువాత మాన్పడానికి నేర్పడం కంటె ఎక్కువ కాలం పడుతుంది. రాగలక్షణం, సంగీతచరిత్ర, స్వరలేఖనం వంటివి పదిమందికీ కలిపి బోధించవచ్చు. బృందగానం కలిసి నేర్చుకోవలసిందే. కాని గళాన్నీ, చేతినీ తీర్చిదిద్దే పాఠాన్ని సామూహికం చేస్తే సంస్థకు సొమ్ము మిగులుతుందేమో గాని విద్యార్థికి విద్య మిగలదు.

పెద్ద విద్యాలయంలో విద్యార్థికి ఎదురయ్యే పరీక్ష మరొకటి ఉంది. తన ఊరిలో తనంతటివాడు లేడనిపించుకొన్న యువకుడు అక్కడ వందలమందిలో ఒకడవుతాడు. పక్క సాధన గదిలోంచి తనకంటె మెరుగైన వాద్యం వినిపిస్తుంది. చదువు ముగిసిన తరువాతి సంగతి మరింత కఠినం. పేరున్న ఆర్కెస్ట్రాలో ఒక స్థానం ఖాళీ అయితే దానికి ఎందరో పోటీపడతారు; ఎంపికయ్యేది ఒక్కరే. ఈ నిజాన్ని ప్రవేశ సమయంలోనే విద్యార్థికి చెప్పడం విద్యాలయం ధర్మం. ప్రసిద్ధులైన ఇద్దరు ముగ్గురు పూర్వవిద్యార్థుల చిత్రపటాలు చూపి, తక్కినవారి సంగతి దాచడం విద్యాసంస్థకు తగని పని.

అలాగని ప్రసిద్ధులు కాలేనివారి చదువు వృథా అనుకోవడం కూడ పొరపాటే. ఇండియానాలోనే చదివిన డేవిడ్ బేకర్ జీవితం ఇందుకు నిదర్శనం. ఆయన ట్రాంబోన్ వాద్యకారుడు. ప్రమాదంలో దవడకు తగిలిన దెబ్బ వల్ల ఆ గాలివాద్యాన్ని వదలుకోవలసి వచ్చింది. ఆయన సంగీతాన్ని వదలలేదు. చెల్లో చేపట్టారు, స్వరరచన చేశారు, బోధన చేపట్టారు. ఇండియానాలో జాజ్ సంగీత అధ్యయనాన్ని తీర్చిదిద్ది, దశాబ్దాల పాటు విద్యార్థులకు మార్గం చూపారు. ఒక వాద్యం చేజారినా ఆయన పొందిన సంగీతజ్ఞానం చేజారలేదు. వాద్యకారుడిని మాత్రమే కాక సంగీతజ్ఞుడిని తయారుచేయగలగడమే విశ్వవిద్యాలయపు ప్రత్యేకత. పాఠశాలలో పిల్లలకు శ్రుతిలయలు నేర్పే ఉపాధ్యాయుడు కూడ సమాజానికి అవసరమే.

పెద్ద సంస్థ, చిన్న గది అనే ఈ ప్రశ్న అమెరికాకే పరిమితమైనది కాదు. తెలుగునాట సంగీతవిద్య ఇంటి గడప దాటి కళాశాలలోకి వచ్చి నూరేళ్లు దాటింది. 1919లో విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాలను స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా ఉండి, 1936లో అధ్యక్షులయ్యారు. ఆ కళాశాలలో చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు పూట గడవక మధుకరం ఎత్తుకొన్నారు. అయినా విద్య ఆగలేదు. పట్రాయని సీతారామశాస్త్రి వంటి గురువు ఆయనను చేరదీసి సంగీతం నేర్పారు. కళాశాల ఆయనకు చోటు ఇచ్చింది. గురువు ఆయనకు విద్య ఇచ్చారు. ఈ రెండింటిలో ఏది లోపించినా తెలుగువారికి ఆ గళం దక్కేది కాదేమో!

కర్ణాటక సంగీతానికి వందమంది వాద్యకారులు అవసరం లేదు. కచేరీకి గాయకుడు, వయొలిన్, మృదంగం, తంబుర ఉంటే చాలు. కాబట్టి ఇండియానా భవనాలను చూసి అటువంటివి కట్టుకోవడం అనుకరణ అవుతుందే గాని అభివృద్ధి కాదు. అక్కడినుంచి గ్రహించవలసినది వేరు. అంత పెద్ద సంస్థ కూడ గురుశిష్యుల ఏకాంత పాఠాన్ని పాతకాలపు ఆచారమని తోసివేయలేదు. దానినే విద్యకు కేంద్రంగా నిలుపుకొన్నది. గురుకుల సంప్రదాయానికి పుట్టినిల్లయిన దేశంలో సంగీతపాఠం గంట మోగగానే మొదలై, గంట మోగగానే ముగిసే సామూహిక తరగతిగా మిగిలిపోతే అంతకంటె విచారకరమైనది లేదు.

కనుక సంగీత కళాశాలలను నడిపేవారు అధ్యాపకుల ఖాళీలను భర్తీ చేయడానికే మొదటి స్థానం ఇవ్వాలి. భవనాల మాట ఆ తరువాత. ప్రతి విద్యార్థికీ వారంలో ఒక్కమారైనా గురువుతో ఏకాంత పాఠం దొరకాలి. కళాశాల వేళలు ముగిసిన తరువాత కూడ సాధనకు గదులు తెరచి ఉంచాలి. ఉత్తీర్ణుల శాతంతో మాత్రమే సంగీత విద్యాలయాన్ని తూచరాదు.

విద్యార్థులు కూడ కళాశాలను ఎంచుకొనేటప్పుడు భవనాల విస్తీర్ణాన్ని, పట్టా విలువను మాత్రమే చూడరాదు. అక్కడ ఎవరు నేర్పుతారు? ఆ గురువు వద్ద తనకు ఎంత సమయం దొరుకుతుంది? తోటివారితో కలిసి పాడే, వాయించే అవకాశం ఉన్నదా? వినడానికి మంచి కచేరీలు ఉన్నాయా? ఈ ప్రశ్నలు ముందుగా అడగాలి. వీటికి తృప్తికరమైన సమాధానాలు లభించిన తరువాత తనను తాను మరొక ప్రశ్న వేసుకోవాలి. గురువు ఇచ్చేది వారానికి ఒక గంట. తక్కిన రోజుల్లో తలుపు వేసుకొని, ఎవరూ వినకపోయినా, ఎవరూ మెచ్చకపోయినా, అదే స్వరాన్ని అది నిలిచేదాకా పలికించే ఓర్పు తనకు ఉన్నదా? ఉన్నదని చెప్పగలిగిన విద్యార్థికే ఏ విద్యాలయమైనా సంగీతాన్ని ఇవ్వగలదు.