గడచిన కచేరీకి కాపలాదారులు

ఒక గాయక బృందం రంగస్థలం నుంచి నిష్క్రమించి ముప్పది సంవత్సరాలు గడచిన తరువాత, 1972లోనో 1977లోనో ఒకానొక రాత్రి ఆ బృందం చేసిన కచేరీ టేపు వెలికివచ్చినదని తెలియగానే, ఆ రాత్రి సభలో కూర్చున్న వృద్ధులూ, ఆ రాత్రికి జన్మించనైనా జన్మించని యువకులూ ఒకే ఆతురతతో దానికై ఎదురుచూడడం సామాన్యమైన వ్యవహారబుద్ధికి అందే విషయం కాదు. అమెరికా దేశపు ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే రాక్ సంగీత బృందం విషయంలో నేటికీ జరుగుతున్నది ఇదే. దీనిని కొందరు వెర్రి అంటారు. మరికొందరు కంపెనీల వ్యాపారతంత్రం అంటారు. రెండు మాటలలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని మా అభిప్రాయంలో ఆ అభిమానులు చేసినది ఒక గ్రంథాలయం చేయదగిన పని. పైగా దానిని వారు గ్రంథాలయాల కంటె ముందుగా, కొన్ని విషయాలలో గ్రంథాలయాల కంటె మెరుగుగా చేశారు. అది వారికెట్లు సాధ్యమైనదో విచారించడం, ఏటేటా ముషాయిరాలూ కవిసమ్మేళనాలూ జరుపుకొనే మన కళాశాలకు నిష్ప్రయోజనం కాదు.

ముందు ఆ బృందాన్ని గురించి నాలుగు మాటలు. 1965లో కాలిఫోర్నియా రాష్ట్రంలో జెర్రీ గార్సియా, బాబ్ వేర్, ఫిల్ లెష్ మొదలైన యువకులు దీనిని ప్రారంభించారు. 1995 ఆగస్టులో గార్సియా మరణించడంతో ఆ పేరిట కచేరీలు ముగిసినవి. ఆ ముప్పది ఏండ్లలో వారు చేసిన కచేరీలు సుమారు 2,300. స్టూడియోలో చేసిన రికార్డుల వల్ల వారికి కలిగిన కీర్తి స్వల్పం. వారి పాట ఒకటి అమెరికా జాబితాలో మొదటి పదింటిలో చేరడానికి 1987 దాకా ఆగవలసివచ్చినది. వారి ప్రతిభ అంతా వేదిక మీదనే. రేపు ఏమి పాడేదీ నేడు నిర్ణయించుకొనే అలవాటు వారికి లేదు. ఒకనాడు కొద్ది నిమిషాలలో ముగిసిన పాట మరొకనాడు అరగంట సాగి, నడిమధ్యన మరొక పాటలోకి జారిపోయేది.

మన పాఠకులకు ఇది వింతగా తోచదు. రాగాలాపన చేసే విద్వాంసుడు నిన్నటి కల్యాణినే నేడు తిరిగి ఒప్పజెప్పడు. ముషాయిరాలో శ్రోతలు ‘ముకర్రర్’ అని కేకవేసినప్పుడు శాయరు అదే షేరును రెండవసారి చదువుతాడు. కాని మొదట నిలిచిన చోట నిలువడు, మొదట నొక్కిన మాటను నొక్కడు. రెండవసారి విన్నవానికి కలిగే ఆనందం ఆ భేదంలోనే ఉన్నది. గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమాని ఒకే పాటను నలభై కచేరీల నుంచి ఏరి వినడంలోని రహస్యం కూడా ఇంతే. అయితే ఒక సత్యాన్ని దాచిపెట్టరాదు. ఎన్నో రాత్రులు వారు చరణాలు మరచిపోయారు, శ్రుతి తప్పారు, ఎటు పోవలెనో తెలియక పావుగంట తచ్చాడారు. అభిమానులు ఆ రాత్రులను కూడా భద్రపరచారు. మంచి రాత్రి విలువ తెలియాలంటే చెడ్డ రాత్రి టేపు కూడా ఉండాలని వారి వాదం. ఇందులో విమర్శకునికి పనికివచ్చే వివేకమున్నదని మేము ఒప్పుకొంటాము.

తొలి రోజులలో ఈ టేపులు దొంగచాటుగా తీసినవే. కోట్లలో మైకులు దాచుకొని సభలోకి వెళ్లేవారు. కంపెనీలకు ఇది కంటకంగా ఉండేది. బృందపు సిబ్బంది కూడా ఒకప్పుడు చూచీచూడనట్లు ఊరకొనేవారు, మరొకప్పుడు తీగెలు తెంపేవారు. అయినా 1970 దశకం ఆరంభంలోనే న్యూయార్కులో టేపులు మార్చుకొనే సంఘం వెలసినది. 1974లో ఆ పని కోసమే ఒక చిన్న పత్రిక కూడా పుట్టినది. వీరికి ‘టేపర్లు’ అని పేరు. చివరకు 1984 అక్టోబరులో బృందమే ఒక నిర్ణయం తీసుకొన్నది. సభలో వీరికి ప్రత్యేకంగా స్థలం కేటాయించి, దానికి వేరుగా టిక్కెట్లు ఇచ్చినది. ఆ చోట పొడవైన కడ్డీల చివర మైకులు వెదురు పొదవలె లేచి నిలిచి ఉండడం ఆనాటి ఛాయాచిత్రాలలో చూడవచ్చు. తాము వాయించి ముగించిన తరువాత ఆ సంగీతం శ్రోతలదే అన్న భావం గార్సియా మాటలలో ఎన్నోసార్లు వ్యక్తమైనది.

షరతు ఒక్కటే: అమ్మరాదు. టేపు కావలసినవాడు మరొక టేపు ఇచ్చి మార్చుకోవాలి. ఇవ్వడానికి ఏమీ లేని కొత్తవాడు ఖాళీ క్యాసెట్లూ, తిరుగు తపాలా ఖర్చూ పంపితే చాలు. ఎవరో ఒక అపరిచితుడు రాత్రి కూర్చుండి నకలు తీసి పంపేవాడు. ఈ ఏర్పాటు వల్ల బృందం చెడిపోయినదా? 1990 దశకపు తొలి సంవత్సరాలలో టిక్కెట్ల రాబడిలో అమెరికాలో అగ్రశ్రేణిలో నిలిచిన బృందాలలో ఇదొకటి. టేపు విన్నవాడు సభకు వచ్చాడు. సభకు వచ్చినవాడు ఆ రాత్రి టేపు కోసం వెదికాడు.

ఆ క్యాసెట్ల అట్టమీది వ్రాతను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తేది, ఊరు, సభామందిరం, పాటల వరుస, వాడిన మైకు, రికార్డు చేసిన యంత్రం, ఇవన్నీ సన్నని అక్షరాలతో ఉండేవి. మరొకటి కూడా ఉండేది: ఆ నకలు ఎన్నవ తరానిది అన్న సంగతి. అసలు టేపు నుంచి తీసినది మొదటి తరం, దాని నుంచి తీసినది రెండవ తరం. తరం పెరిగినకొద్దీ టేపు బుస పెరుగుతుంది, పాట దూరమవుతుంది. అందువల్ల తన నకలు ఎవరి చేతుల మీదుగా వచ్చినదో ప్రతివాడూ తెలుసుకొని వ్రాసుకొనేవాడు. ఒక గ్రంథాన్ని ఎవరి వద్ద ఎవరు చదివారో వరుసగా చెప్పే సనదు మన పాత విద్యాలయాలలో ఎంతటి గౌరవం పొందినదో ఉర్దూ విభాగపు మిత్రులకు తెలియనిది కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన తెలుగు పండితులకు కూడా నకలు తరాల బాధ అనుభవమే. గిటారు సంగీతం కోసం కొందరు కుర్రవాళ్లు, ఏ పండితుడూ చెప్పకుండానే, ఈ శాస్త్రాన్ని తమంత తాము కనిపెట్టుకొన్నారు.

దీని విలువ బెట్టీ కాంటర్ జాక్సన్ టేపుల చరిత్రలో స్పష్టమవుతుంది. ఆమె ఆ బృందపు శబ్దసాంకేతికురాలు. 1970 దశకంలో ఎన్నో కచేరీలను స్వయంగా, అపూర్వమైన స్పష్టతతో రికార్డు చేసినది. తరువాత బృందానికి దూరమైనది. ఆ టేపులను ఆమె ఒక అద్దె గిడ్డంగిలో దాచుకొన్నది. అద్దె కట్టలేకపోగా 1986లో గిడ్డంగివారు అందులోని సామానును వేలం వేశారు. బృందం వాటిని కొనలేదు. కొన్ని అభిమానుల చేత చిక్కినవి. కొన్ని పెట్టెలు వాటి విలువ తెలియనివారి ఇండ్లకు చేరి, తడికి బూజుపట్టినవి. ఆ బూజును తుడిచి, పాడైన టేపును పలికించి, నకళ్లు తీసి లోకానికి పంచినవారు అభిమానులే. ఆ విధంగా బయటికి వచ్చిన వాటిలో 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో జరిగిన కచేరీ ఒకటి. 2012లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానిని జాతి భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో చేర్చినది. చిత్రమేమిటంటే, ఆనాటికి ఆ కచేరీని బృందం అధికారికంగా విడుదల చేయనేలేదు. అది జరిగినది 2017లో, నలభై ఏండ్లు నిండిన సందర్భంలో. ఒక ప్రభుత్వం జాతీయసంపదగా గుర్తించిన వస్తువు, అంతవరకు చేతిమార్పు క్యాసెట్ల మీదనే బ్రతికినదన్నమాట.

ఈ కార్నెల్ కచేరీయే ఆ బృందపు సర్వోత్తమమైన రాత్రి అనే ప్రచారంతో మాత్రం మేము ఏకీభవించలేము. టేపు స్పష్టంగా ఉన్నది, అందరికీ అందినది. అందువల్ల అందరూ విన్నారు, అందరూ మెచ్చుకొన్నారు. అంతకంటె గొప్ప రాత్రి మరొకటి మైకు సరిగా లేక మరుగునపడి ఉండవచ్చు. అచ్చుపడిన కవి అచ్చుపడని కవి కంటె పెద్దవాడన్నట్లుగా మన సాహిత్య చరిత్రలలో జరిగిన పొరపాటు ఇదే. పాట మంచిదా, టేపు మంచిదా అన్న రెండు ప్రశ్నలను విడదీసి అడిగే అభిమానులు కొద్దిమందే.

అట్లు విడదీసి వినగలిగినవాడు డిక్ లాట్వాలా. వృత్తిచేత సంగీతజ్ఞుడు కాడు; కేవలం టేపుల సేకర్త. విన్న ప్రతి కచేరీ గురించి నోటుపుస్తకాలలో అభిప్రాయాలు వ్రాసుకొనేవాడు. ఆ నోటుపుస్తకాలే యోగ్యతాపత్రంగా బృందం తన టేపుల భాండారానికి అతనిని సంరక్షకునిగా నియమించినది. 1993 నుంచి ‘డిక్స్ పిక్స్’ అనే పేర, అనగా డిక్ ఏరినవి అనే పేర, పాత కచేరీలు వెలువడడం ఆరంభమైనది. ధ్వనిలో లోపాలున్నవి, తెలిసి కొనండి అని ఆ సంపుటాల మీదనే హెచ్చరిక అచ్చువేసేవారు. ఏ వ్యాపారి ఇట్లు వ్రాసుకొంటాడు? 1999లో అతడు మరణించాడు. అతని పేరిట 2005 నాటికి 36 సంపుటాలు వచ్చినవి.

ఆ తరువాతి కథ అంత శోభగా లేదు. కచేరీల టేపులను ఉచితంగా వినిపించే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ నుంచి, 2005 నవంబరులో వాటిని తీసివేయించారు. అభిమానులు కోపించారు, కొనుగోళ్లు బహిష్కరిస్తామన్నారు. బృందంలోని ఫిల్ లెష్ సైతం ఆ నిర్ణయంలో తన పాత్ర లేదని చెప్పుకొన్నాడు. కొద్ది రోజులలోనే రాజీ కుదిరినది: శ్రోతలు తీసిన టేపులను ఎవరైనా దించుకోవచ్చు, బృందపు సౌండ్‌బోర్డు నుంచి తీసినవి మాత్రం వినవచ్చును గాని దించుకొనరాదు. చట్టం బృందం వైపు ఉన్నదనడంలో సందేహం లేదు. కాని ఆ సంగీతం ఆనాటికి నిలిచి ఉండడానికి కారకులెవరన్న ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు. 2011లో, 1972 ఐరోపా యాత్రలోని 22 కచేరీలను 73 డిస్కుల పెట్టెగా, పరిమిత సంఖ్యలో అమ్మారు. సంగీతప్రియులకు అది పండుగే. అయినా పరిమిత సంఖ్య అనే మాటలో ఏదో విషమున్నది. వినడానికి కొన్నవాని ప్రక్కనే, విప్పకుండా దాచి ధర పెరిగిన తరువాత అమ్మడానికి కొన్నవాడు కూడా వరుసలో నిలుస్తాడు. ఖాళీ క్యాసెటు పంపిన పేదవానికి ఆ వరుసలో చోటు లేదు.

ఈ టేపుల వ్యసనం వల్ల మన దేశానికి కూడా ఒక కానుక దక్కినది. ఆ బృందపు తొలినాటి శబ్దసాంకేతికుడు ఔస్లీ స్టాన్లీకి, తాను పనిచేసిన ప్రతి రాత్రినీ రికార్డు చేసే అలవాటున్నది. 1970 మే 29న శాన్ ఫ్రాన్సిస్కోలో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ కచేరీ జరిగినది. సితార్ మీద ఇంద్రనీల్ భట్టాచార్య, తబలా మీద పందొమ్మిదేండ్ల జాకిర్ హుసేన్. స్టాన్లీ టేపు తీశాడు. యాభై సంవత్సరాల తరువాత, 2020లో, అది వెలుగుచూచినది. నాటికి ఉస్తాద్ లేరు, స్టాన్లీ లేడు. 2024 డిసెంబరులో జాకిర్ హుసేన్ కూడా వెళ్లిపోయారు. ఒక రాక్ బృందపు మనిషి అలవాటు కొద్దీ మీట నొక్కినందువల్ల ఆ రాత్రి మిగిలినది.

ఇక మన సంగతి. అష్టావధానంలో పద్యం సభ ఎదుటనే పుడుతుంది. ఎవరూ పట్టుకొనకపోతే సభతోనే పోతుంది. ముషాయిరాలో గజలు దీవానులో దొరకవచ్చును. శాయరు గొంతు, సభ ‘వాహ్’ అన్న చోటు దీవానులో దొరకవు. క్యాసెట్ల కాలంలో ఎందరో ఇటువంటి సభలను రికార్డు చేశారు. ఆ క్యాసెట్లు బీరువాల అడుగున బూజుపట్టినవి కొన్ని. వాటి మీద సినిమా పాటలు ఎక్కినవి కొన్ని. నేడు సభలో ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది. ఎంత రికార్డవుతున్నదో లెక్కలేదు. కాని తేది లేదు, కవి పేరు లేదు, ఫోను మారిననాడు అది కూడా ఉండదు. రికార్డు చేయడం సులభమైనకొద్దీ అట్టమీది వ్రాత మాయమైనది.

కనుక కళాశాల కమిటీవారికి మా విన్నపం చిన్నది. గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిస్టరు. వార్షికోత్సవ ముషాయిరా, కవిసమ్మేళనం, అవధానం ఏది జరిగినా ఒక మంచి రికార్డు తీయించి, రెండు వేర్వేరు చోట్ల నకలు ఉంచాలి. పూర్వవిద్యార్థుల ఇండ్లలో మిగిలిన క్యాసెట్లను అడిగి తెచ్చి, నకలు తీసుకొని, తిరిగి ఇచ్చివేయాలి. అచ్చుకాని గజలు ఊరెల్లా తిరగడానికి కవులు అభ్యంతరం చెప్పవచ్చును. అది న్యాయమైన అభ్యంతరం. వారి అనుమతి వ్రాతమూలకంగా తీసుకొని, వద్దన్నవారిది బీరువాలోనే ఉంచవచ్చు. అడిగిన విద్యార్థికి నకలు ఉచితం, అమ్మకం నిషిద్ధం. ఖర్చు ఎంతో కాదు. రిజిస్టరులో ప్రతి పేరునూ ఉర్దూలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస వ్రాయగల విద్యార్థులకు మన దగ్గర కొరత లేదు.