పదకొండు దాటాక లండన్

తెల్లారగట్ల అయిదింటికి విజయవాడలో పాల ప్యాకెట్ లోపలికి తెచ్చుకుని తల్లి ఫోన్ అందుకునేసరికి లండన్‌లో శీతాకాలమైతే రాత్రి పదకొండున్నర, వేసవి అయితే పన్నెండున్నర. "ఇంకా పడుకోలేదా నాన్నా?" అనేది మొదటి ప్రశ్న. వెనకాల హోరు వినపడితే "ఎక్కడున్నావు?" అనేది రెండోది. కొడుకైతే విచారణ అక్కడితో ముగుస్తుంది. కూతురైతే నాన్న కూడా నిద్ర లేస్తాడు.

ఈ కంగారు వెనక ఉన్న లండన్ చాలావరకు సినిమాల్లో చూసినది. అసలు ఊరు అంత పొద్దుపోయేదాకా మేలుకునే రకం కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, ఆయుధ కర్మాగారాల్లో పని కుంటుపడుతోందని పబ్బుల వేళలు కుదించారు. యుద్ధం అయిపోయినా ఆ కట్టడి పూర్తిగా పోలేదు. రాత్రి పదకొండుకు గంట కొట్టి జనాన్ని బయటికి పంపే అలవాటు దశాబ్దాల తరబడి సాగింది. 2003లో చేసిన లైసెన్సింగ్ చట్టం 2005 నవంబరులో అమల్లోకి వచ్చాకే మామూలు పబ్బులకు ఆ తర్వాతా తెరిచి ఉంచే వీలు చిక్కింది. అయినా ఇప్పటికీ చాలా పబ్బులు అర్ధరాత్రిలోపే బల్లలు తుడిచేస్తాయి. రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర ఒంటిగంటకు హలీం తిన్న హైదరాబాదీకి ఇదేం మహానగరం అనిపిస్తే తప్పు పట్టలేం. ఆ వేళ వేడిగా ఏదైనా దొరకాలంటే కబాబ్ కొట్టు వెతుక్కోవాలి, లేదా ఇరవై నాలుగు గంటలూ నడిచే బ్రిక్ లేన్ బేగెల్ షాపు ముందు వరసలో నిలబడాలి. బేగెల్ అంటే గారెలా మధ్యలో చిల్లున్న రొట్టె.

మన పిల్లల్లో చాలామందికి లండన్ రాత్రి పరిచయమయ్యేది పనివేళగానే. గోదాములో సరుకు సర్దడం, రెస్టారెంట్ మూసేశాక నేల కడగడం, ఎవరూ రాని ఆఫీసు గుమ్మం దగ్గర సెక్యూరిటీ కుర్చీలో కూర్చోవడం. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు మధ్య పనిచేసేవారు లండన్‌లో 16 లక్షల మంది, అంటే ఊళ్లో ఉద్యోగుల్లో మూడోవంతు అని 2018లో నగర పాలకుల నివేదికే లెక్క తేల్చింది. డిగ్రీ స్థాయి కోర్సు చదివే స్టూడెంట్ వీసాదారు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. స్వయం ఉపాధి అసలే కూడదు. కాబట్టి ఇంకొకరి పేరున్న డెలివరీ యాప్ ఖాతాను అద్దెకు తీసుకుని సైకిలెక్కిన కుర్రాడు వీసాను పణంగా పెట్టినట్టే. ఇంటిదగ్గర వాళ్లు భయపడాల్సిన రాత్రి ఏదైనా ఉంటే అది ఇదే. స్నేహితులతో పాట వినడానికి వెళ్లిన రాత్రి గురించి అంత గాబరా అక్కర్లేదు.

మరి ఖర్చో? అక్కడ భయానికి ఆధారం ఉంది. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లయింది. ఊరి నడిబొడ్డున ఒక పైంట్ బీరు ఆరేడు పౌండ్లు పలుకుతుంది, అంటే అరగంట కష్టం. దానికితోడు బ్రిటన్‌లో 'రౌండ్' అనే మర్యాద ఉంది. బల్ల చుట్టూ ఉన్న అయిదుగురికీ ఒక్కొక్కరు వంతులవారీగా కొనాలి. తాగనివాడు కూడా మొహమాటానికి ఆ వంతులో ఇరుక్కుంటాడు. మొదటి గ్లాసుకే "నాది నేనే కొనుక్కుంటాను" అని నవ్వుతూ చెప్పేస్తే అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. మనవాళ్లకే ఆ మాట నోరు దాటదు.

చిత్రమేమిటంటే ఈ ఊళ్లో మంచి సాయంత్రాలు చాలావరకు చవక. కొన్ని ఉచితం. శుక్రవారం బ్రిటిష్ మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా, నేషనల్ గ్యాలరీ తొమ్మిది దాకా, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పది దాకా తెరిచే ఉంటాయి. మామూలు గ్యాలరీలకు టికెట్ లేదు. థేమ్స్ ఒడ్డున 1997లో తిరిగి తెరుచుకున్న గ్లోబ్ నాటకశాలలో ముందు భాగాన నిలబడి చూసే టికెట్లు 5 పౌండ్ల నుంచి మొదలు. కూర్చోనివ్వరు. వాన పడితే గొడుగు విప్పనివ్వరు. షేక్‌స్పియర్ కాలంలో ఒక పెన్నీ ఇచ్చిన జనం నిలబడ్డదీ అలాగే. ఇక జూలై నుంచి సెప్టెంబరు దాకా రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ప్రామ్స్ కచేరీలు. 1895లో మొదలైన ఈ పండుగలో నిలబడి వినే చోటుకు ఈమధ్య 8 పౌండ్లు. ఒక పైంటుకు కాస్త ఎక్కువ, అంతే. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే చాలావరకు ఏడాది చదువు. ఆ వేసవి డిసర్టేషన్‌తోనే గడుస్తుంది. రోజంతా లైబ్రరీలో నడుం విరిగినవాడికి పూర్తి ఆర్కెస్ట్రా ముందు రెండు గంటలు నిలబడటం ఏమంత కష్టం కాదు. ఈస్ట్ హామ్ గదిలో అయిదుగురూ కలిసి బిర్యానీ వండుకుని సినిమా కబుర్లు చెప్పుకోవడం తప్పని ఎవరూ అనరు. కానీ ఏడాదంతా అదే అయితే, లక్షల అప్పు చేసి లండన్ దాకా వెళ్లింది ఎందుకు?

క్లబ్బుల సంగతి క్లుప్తంగా. 2016లో మత్తుమందుల కారణంగా ఇద్దరు యువకులు చనిపోయాక పేరున్న ఫ్యాబ్రిక్ క్లబ్ లైసెన్సును ఇస్లింగ్టన్ కౌన్సిల్ రద్దు చేసింది. మరుసటి ఏడాది కఠిన షరతులతో అది మళ్లీ తెరుచుకుంది. తలుపు దగ్గర సోదా, గుర్తింపు కార్డు అడగడం మామూలు. పాస్‌పోర్టు పట్టుకుని క్లబ్బుకు వెళ్లి పోగొట్టుకుంటే భారత హైకమిషన్ చుట్టూ తిరగాల్సిందే. దాని బదులు ప్రొవిజినల్ డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంటే వయసు రుజువుకు సరిపోతుంది. అమ్మాయిలు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పక్కవాడి తీరు ఇబ్బందిగా ఉంటే బార్ కౌంటర్‌లో "ఏంజెలా ఉందా?" అని అడగొచ్చు. 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన ఏర్పాటు ఇది, లండన్‌లోనూ చాలా చోట్ల ఉంది. సిబ్బంది అర్థం చేసుకుని క్షేమంగా బయటికి చేర్చాలి. ప్రతి చోటా అందరికీ శిక్షణ ఉంటుందన్న భరోసా లేదు గనక ఒక స్నేహితురాలు తోడుండటం మేలు.

అసలు గండం ఇంటికి చేరడం. 2016 ఆగస్టులో మొదలైన నైట్ ట్యూబ్ అనే భూగర్భ రైలు ఇప్పుడు శుక్ర, శనివారాల్లో అయిదు లైన్లలో రాత్రంతా నడుస్తోంది. హౌన్‌స్లో, వెంబ్లీ పార్క్, గాంట్స్ హిల్ స్టేషన్లు ఆ లైన్ల మీదే ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా దిగే ఈస్ట్ హామ్ మాత్రం డిస్ట్రిక్ట్ లైన్ మీద ఉంది, దానికి నైట్ ట్యూబ్ లేదు. దిక్కు ఎన్15 బస్సు. చార్జీ పగటి బస్సుకున్నదే, 2025లో 1.75 పౌండ్లు. గంటలోపు ఇంకో బస్సు మారినా అదే టికెట్ చెల్లుతుంది. ఇది తెలియని కొత్తవాళ్లే రోడ్డు పక్కన ఆగి పిలిచే ప్రైవేటు కారెక్కుతారు. అక్కడ చెయ్యెత్తి ఆపదగ్గది బ్లాక్ క్యాబ్ ఒక్కటే. మినీక్యాబ్‌ను ముందే బుక్ చేసుకోవాలి. హైదరాబాద్ కన్సల్టెన్సీలు ప్రయాణానికి ముందు కుక్కర్, పచ్చళ్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ల గురించి గంటలకొద్దీ చెబుతాయి. ఆ జాబితాలోనే నైట్ ట్యూబ్ మ్యాపును కూడా చేర్చాలి, అదీ గదికి అడ్వాన్సు కట్టకముందే.