పండక్కి పుట్టింటికి – మరి కుక్కో?

ఏలూరు పవర్‌పేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్లమీద ఉంది. సంక్రాంతికి అయిదు రోజులు తాడేపల్లిగూడెంలో పుట్టింటికి వెళ్తున్నారట. అక్కణ్ణించి ఒకపూట అందరూ కలిసి కొల్లేరు చూసి రావాలని సంకల్పం. ఇంట్లో మూడేళ్ళ కుక్క ఉంది. పిల్లలు దాన్ని వదిలి కదలమంటున్నారు. శ్రీవారేమో వరండాలో గొలుసు వేసి, పక్కింటివారిని రెండు పూటలా ఇంత అన్నం పడెయ్యమంటే సరిపోతుందంటారు. అమ్మగారు ఫోనులోనే, "పండగపూట మడి వంటింట్లోకి కుక్కేమిటే!" అని కేకలేశారు. ఏం చెయ్యమంటారు, అని ప్రశ్న.

ముగ్గురిలోనూ అమ్మగారి తీర్పే సరైనది. కారణం మాత్రం మడి కాదు.

పండగ మనకు సంబరం గాని కుక్కకు కాదు. దానికి కావలసింది రోజూ చూసే ముఖాలు, రోజూ పడుకునే మూల, వేళకు తిండి, వేళకు షికారు. పండగ ఇంట్లో ఈ నాలుగూ ఉండవు. తెల్లవారకముందే భోగిమంట, టపాకాయలు, ఎప్పుడూ చూడని ఇరవైమంది చుట్టాలు, తోక పట్టుకు లాగే పసివాళ్ళు, తెరిచిపెట్టిన వీధి తలుపు! మన చెవికి సెకనుకు ఇరవై వేల కంపనాలు దాటిన ధ్వని వినిపించదు. కుక్క చెవి దానికి రెట్టింపు దాటినా వింటుంది. మనం ముచ్చటపడి కాల్చిన సీమటపాకాయ దాని నెత్తిన పిడుగే. బెదిరి గొలుసు తెంచుకుని పరుగెత్తిన కుక్క ఏలూరులో అయితే ఎలాగో ఇల్లు పట్టుకుంటుంది. గూడెంలో ఎక్కడికని వస్తుంది? పైగా కొత్త వీధిలో అడుగుపెట్టిన కుక్కను అక్కడి వీధికుక్కలు ఊరికే పోనివ్వవు. స్థానబలం వాటిది. ఊరిబయట కోడిపందేల సంగతి చెప్పనక్కరలేదు. చట్టం ఒప్పుకోకపోయినా, ఆ మూడు రోజులూ బరుల దగ్గర జనసందోహం, మైకులు, వాహనాల రద్దీ మన గోదావరి జిల్లాల్లో ఎవరు ఎరగరు?

అంచేత కుక్కను ఏలూరులోనే ఉంచండి. అలాగని శ్రీవారి వరండా సలహా పనికిరాదు. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే చట్టం మనకు 1960లోనే వచ్చింది. రాజ్యసభలో దానికోసం మొదట బిల్లు తెచ్చి పట్టుబట్టినావిడ నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్. పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టిపడేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను బొత్తిగా తిప్పకపోవడం, సరైన కారణం లేకుండా దిక్కులేకుండా వదిలెయ్యడం – ఇవన్నీ ఆ చట్టం కింద నేరాలే. పక్కింటివారికీ పండగే గదా! రెండోరోజు మధ్యాహ్నానికి వాళ్ళూ మరిచిపోతారు. నీళ్ళగిన్నె తన్నేసుకున్న కుక్క అలాగే పడివుంటుంది.

మరేం చెయ్యాలి? మీ కుక్క ఎరిగిన మనిషి ఒకరు మీ ఇంట్లో పడుకోవాలి. తమ్ముడో, మేనల్లుడో, కాలేజీలో చదువుకునే పక్కవీధి కుర్రాడో. జీతం ఇచ్చినా తప్పులేదు. కొత్త చీరకు పెట్టే ఖర్చులో ఇదెంత? ప్రయాణానికి వారం రోజులముందే ఆ కుర్రాణ్ణి రప్పించి, మీ ఎదుటనే అన్నం పెట్టించండి, షికారుకు తీసుకుపోనివ్వండి. ఒక రాత్రి మీరు ఏదైనా పనిమీద బయట ఉండి, వాళ్ళిద్దర్నీ ఇంట్లో వదిలి చూడండి. ఆ పూట సవ్యంగా గడిస్తే అయిదు రోజులూ గడుస్తాయి. మీరు కట్టి విడిచిన పాత చీర ఒకటి, ఉతక్కుండానే, దాని పక్కమీద పరిచి వెళ్ళండి. మీ వాసన దానికి పెద్ద ధైర్యం. వెళ్ళేముందు దాన్ని కౌగిలించుకుని కన్నీళ్ళు పెట్టుకోవడం మాత్రం వద్దు. అది మీకు తృప్తి, దానికి కంగారు. ఈమధ్య పట్నాలలో కుక్కలకు వసతిగృహాలు వెలిశాయి. అలాంటిచోట దించాలనుకునేవారు ముందు ఒకసారి వెళ్ళి నేల తడిగా ఉందా, ఎన్ని కుక్కలను ఒకచోట ఉంచుతున్నారు, టీకా కాగితాలు అడుగుతున్నారా అని చూసుకోవాలి. కాగితాలు అడగనివాడి దగ్గర దించకండి.

తప్పనిసరిగా వెంట తీసుకువెళ్ళవలసినవారూ ఉంటారు. వారికి రైలు సంగతి చెబుతాను. మన పెట్టెలో కుక్కను ఉంచుకోవాలంటే ఫస్టుక్లాసులో కూపే గాని కేబిన్ గాని మొత్తం మనదే అయివుండాలి. స్లీపరులోను, సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీలలోను ఒప్పుకోరు. లేదంటే లగేజీ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలోని కుక్కల గూటిలో ఎక్కించాలి. పశువైద్యుడి సర్టిఫికెట్టు చేతిలో ఉండాలి. తిండీ నీళ్ళూ మనమే చూసుకోవాలి. ఏలూరు నుంచి గూడెం గట్టిగా యాభై కిలోమీటర్లు. దానికోసం ఇంత ప్రయాసా, ఆ చీకటి గూడూ ఎందుకు? కారు మాట్లాడుకోవడం మేలు.

కారులోనైనా బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా తిండి పెట్టి ఊరుకోవాలి, నీళ్ళు మాత్రం మానకూడదు. తల కిటికీ బయట పెట్టనివ్వకూడదు. నిద్రమందు ఎవరో చెప్పారని వెయ్యకూడదు. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, ఆగిన కారులో కుక్కను వదిలి కాఫీకి దిగకూడదు. మనలాగా కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ, నోటిలోని తడి ఆరడంవల్లనే అది చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిన మన డెల్టాలో ఆ తడి ఒకంతట ఆరదు. ఎండలో ఆపిన కారు లోపల పదినిమిషాలకే బయటికంటె పది డిగ్రీల వేడి ఎక్కువవుతుంది. అద్దం అంగుళం దించి ఉంచితే ఒరిగేదేమీ లేదు. సంక్రాంతి చలికాలమే గదా అంటారేమో, మధ్యాహ్నపు ఎండ చాలు. రోహిణి కార్తెలోనైతే చెప్పేదే లేదు. చొంగ కారుస్తూ, చిగుళ్ళు ఎర్రబడి, తూలుతూ నడిచే కుక్కను వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి, విసురుతూ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

కొల్లేరు విహారానికి మాత్రం కుక్క బొత్తిగా వద్దు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. సంక్రాంతి రోజులు ఆటపాకలో గూడబాతులు పిల్లలను సాకే రోజులు. మీ కుక్క ఒక్క మొరుగు మొరిగితే గూళ్ళమీది పక్షులన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ పూటకు పిల్లలకు మిగిలేది ఖాళీ చెట్లు. కుక్కకూ క్షేమం కాదు. చేపల చెరువుల గట్లు జారుడు; ఒడ్డున పడేసిన చచ్చిన చేపలు దానికి పరమాన్నం, ముల్లు గొంతులో దిగితే ప్రాణసంకటం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో లెప్టోస్పైరా అనే క్రిమి ఉంటుంది. అది కుక్క కాలేయాన్నీ మూత్రపిండాలనూ పాడుచేసి, దానినుంచి మనుషులకూ సోకుతుంది. పొలాలు, కాలవలు, చెరువుల మధ్య కాపురమున్నవారు ఏటా వేయించే టీకాలో దీని రక్షణ కూడా ఉందో లేదో డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

తిండి విషయంలో చుట్టాలను కట్టడి చెయ్యడమే కష్టం. "పాపం, చూస్తోంది!" అని ప్రతివారూ ఒక ముద్ద వేస్తారు. గూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం కుక్క రక్తంలోని ఎర్రకణాలను చీల్చేస్తాయి. కనుమనాడు మాంసం కూర కలిపిన అన్నం పెట్టకండి. ఉడికిన కోడి ఎముక పుల్లలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. చక్కెరపొంగలిలో కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు, చాక్లెట్టు గుండెకు చేటు. ఇంటివద్ద ఉండే కుర్రాడికి కూడా ఈ నాలుగూ కాగితంమీద రాసి వంటింటి గోడకు అంటించండి.

ఇంట్లో వదిలినా, వెంట తీసుకువెళ్ళినా, రేబిస్ టీకా సంగతి ముందు తేల్చుకోండి. గడువు దాటివుంటే బయలుదేరే ముందురోజు వేయించి లాభంలేదు. మొదటిసారి వేయించే కుక్కకైతే ఆ రక్షణ ఒంటబట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కొత్త ఊళ్ళో వీధికుక్క కరిస్తే, టీకా ఉన్న కుక్కకైనా గాయం సబ్బునీళ్ళతో కడిగి, మళ్ళీ డాక్టరుకు చూపించవలసిందే. భయంలో ఉన్న మీ కుక్కే చుట్టాల పిల్లవాణ్ణి గీరినా, కరిచినా సిగ్గుపడి దాచకండి. పసుపూ సున్నమూ పూయవద్దు. పారే నీటికింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

పిల్లలు అలిగితే, ముక్కనుమనాటి రాత్రే తిరిగి వచ్చేస్తామని చెప్పండి. వచ్చాక కుక్క చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతికే పని వాళ్ళకే ఒప్పగించండి. రెండురోజులు అది కాస్త ఎడమొహంగా ఉన్నా కంగారుపడకండి.